రేకు పలకని పరుగు

తలుపు తోసుకుని మాస్టారు లోపలికి వచ్చేశారు. పోయిన వారం సరిగ్గా అక్కడే కదా మనం ఊపిరి బిగబట్టి ఆగింది! స్టేడియం మెట్ల కింద ఉన్న ఆ ఇరుకు ల్యాబ్‌లో, ఆయన దగ్గర పరుగు నేర్చుకునే టపాకాయ ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తుతోంది. మొహానికి మాస్క్, మాస్క్‌కి తొండంలాంటి గొట్టం, గొట్టం చివర ఆమె ఊపిరిని కొలిచే యంత్రం. కంప్యూటర్ ముందు మాస్టారి కూతురు. ఎవరు కనిపించినా ముందు బరువూ పొడుగూ రాసుకుంటుందని గ్రౌండ్‌లో అందరూ ఆమెని కొలతలమ్మ అంటారు. ఈ పరీక్ష సంగతి ఇద్దరూ మాస్టారికి చెప్పలేదు. చెబితే జరగనివ్వరని తెలుసు కాబట్టే చెప్పలేదు.

మాస్టారి పద్ధతి తెలియనివాళ్లు ఆ గ్రౌండ్‌లో లేరు. మలుపు దగ్గర నేలమీద పెద్ద తగరపు రేకు పరిచి ఉంటుంది. ప్రతి రౌండ్‌లోనూ దాని మీదుగా పరిగెత్తాలి, కానీ చప్పుడు కాకూడదు. చప్పుడైతే 'రేకు పలికింది' అంటారు. ఎవరి కాలికి పలికితే వాళ్లకి ఇంకో రౌండ్. టపాకాయ వచ్చిన కొత్తలో రేకు సంగతి అటుంచి, ఆమె అడుగులకి గోడమీద పావురాలు కూడా లేచిపోయేవి, ఆ పేరు అలా వచ్చిందే. ఏడాదిన్నర పట్టుబట్టి మాస్టారు ఆ చప్పుడంతా అణిచేశారు. ఇప్పుడామె రేకు మీదనుంచి వెళ్తే అది కిక్కురుమనదు.

కానీ పదివేల మీటర్ల పరుగులో ఇరవై ఐదు రౌండ్లుంటాయి, పద్దెనిమిదో రౌండ్ దాటగానే ఆమె కాళ్లు బండరాళ్లయిపోతున్నాయి. జట్టులోకి తీసుకోవాలంటే ముప్పై మూడు నిమిషాల నలభై సెకన్లలో ముగించాలి. ఎంత చచ్చీచెడీ పరిగెత్తినా టపాకాయకి ముప్పై నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు పడుతోంది. 'నీకు గుండె చాలదే' అంటారు మాస్టారు. ఎంపిక పరుగు ఇంకా పది రోజుల్లో. ఇది తప్పితే మళ్లీ నాలుగేళ్ల దాకా లేదు. అప్పటిదాకా ఆమెని స్పోర్ట్స్ హాస్టల్లో ఎవరూ ఉంచరు.

టప్. టప్. టప్. టప్.

మాస్టారు గుమ్మంలోనే నిలబడిపోయారు. చూడలేదు, విన్నారు. ఏడాదిన్నరగా కష్టపడి తను చంపేశాననుకున్న చప్పుడు, ఒక మధ్యాహ్నం పూట, తన సొంత కూతురి గదిలో, బతికి టపటపలాడుతోంది.

“ఆపు దాన్ని,” అన్నారు.

కొలతలమ్మ తల తిప్పకుండానే అరచెయ్యి ఎత్తి ఆయనకి అడ్డంగా చూపించింది. “రెండు నిమిషాలు నాన్నా. ఆరు నిమిషాల్లో చివరి రెండే లెక్కకొచ్చేవి. మధ్యలో ఆపితే మొదట్నుంచీ పెట్టాలి.”

ముప్పై నాలుగేళ్ల వయసొచ్చింది ఆమెకి. నాన్నకి చెయ్యి అడ్డం పెట్టడం ఇదే మొదటిసారి. ఆ చెయ్యి తనదేనా అని ఆమెకే అనుమానమొచ్చింది. కానీ దించలేదు. మాస్టారు కూడా, ఎందుకో, ఆగారు. తలుపు పక్కనున్న గ్యాస్ సిలిండర్‌కి ఆనుకుని చేతులు కట్టుకున్నారు. ఎత్తులో ఉన్న చిన్న కిటికీలోంచి గ్రౌండ్‌లో పరిగెత్తేవాళ్ల కాళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. ఏ కాలూ చప్పుడు చెయ్యడం లేదు. అన్నీ ఆయన నేర్పిన కాళ్లే.

రెండు నిమిషాలు గడిచాయి. బెల్టు నెమ్మదించి ఆగింది. టపాకాయ మాస్క్ తియ్యకుండానే అందులోంచి ఏదో అంది, అది గొట్టంలోకే పోయింది.

“నోరు కట్టేస్తే కాళ్లు మాట్లాడుతున్నాయన్నమాట,” అన్నారు మాస్టారు. “తియ్యవే ముందు.”

ఆమె తీసింది. ముక్కు చుట్టూ మాస్క్ గుర్తు ఎర్రగా పడింది. “సార్, అక్క తప్పేం లేదు సార్. నేనే బతిమాలాను. పద్దెనిమిదో రౌండ్‌లో ఏమవుతోందో నాకు తెలియాలి సార్. గుండె చాలదన్నారు కదా మీరు, అక్క దగ్గర గుండె కొలిచే మిషనుందేమో అని వచ్చాను.”

“ఉందా?”

“లేదంట సార్. ఊపిరి కొలిచేదే ఉందంట.”

మాస్టారు నవ్వలేదు. కూతురి వైపు తిరిగారు. “నువ్వేం కొలిచావు?”

కొలతలమ్మ తెరమీద కనిపించిన అంకెని ఒక కాగితంలో చేర్చి, లేచి అందించింది. అందులో నాలుగంటే నాలుగే అంకెలున్నాయి. 209, 194, 193, 210.

“కిలోమీటరు దూరం పరిగెత్తడానికి ఒంటి బరువులో ఒక్కో కిలోకి ఎన్ని మిల్లీలీటర్ల ఆక్సిజన్ కావాలో ఆ లెక్క నాన్నా. వేగం నాలుగుసార్లూ ఒకటే. మొదటిదీ చివరిదీ నువ్వు నేర్పిన పరుగు, చప్పుడు లేకుండా. మధ్యలో రెండూ దాని సొంత పరుగు.”

“చివరిదీ అంటున్నావు. నేనొచ్చేటప్పటికి టపటపలాడుతోంది కదా.”

“అది మూడోది. నాలుగోది పొద్దున్నే అయిపోయింది. మూడోదానిలో మాస్క్ ఒకవైపు వదులై గాలి పోయింది, అందుకని ఆ ఒక్కటీ ఇప్పుడు మళ్లీ తీశాను. పొద్దున నూట తొంభై రెండు వచ్చింది. ఇప్పుడు చూడు, నూట తొంభై మూడు.”

ఆయన కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివారు, దగ్గరగా పట్టుకుని చదివారు. ఎలా చదివినా అంకెలు మారలేదు. ఆయన మామూలు మనిషి కాదు, ముప్పై ఏళ్లుగా కాళ్లని చూస్తున్న మనిషి. తక్కువ ఆక్సిజన్‌తో అంతే దూరం వెళ్తే అదే మంచి పరుగని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

“యంత్రం తప్పు చూపిస్తోందేమో.”

“పొద్దున ఆ సిలిండర్‌లో గ్యాస్‌తో సరిచూశాను. నువ్వు ఆనుకున్నదే.”

ఆయన సిలిండర్‌నుంచి ఇవతలికి జరిగారు. “అయితే పిల్లకి ఇంకా పద్ధతి పట్టుబడలేదు. అలవాటైతే ఖర్చు తగ్గుతుంది.”

“ఏడాదిన్నరైంది నాన్నా. దానికంటే బాగా నీ రేకుని నోరుమూయించినవాళ్లు ఎవరున్నారు చెప్పు?”

ఎవరూ లేరు. అది ఆయనకే బాగా తెలుసు.

“చప్పుడంటే దెబ్బ,” అన్నారు. గొంతు కాస్త పెరిగింది. “నేలని అంత గట్టిగా తంతే ఆ బలమంతా దండగ కాదా? దారిలో పీపాల్ని గుద్దుకుంటూ కారు వెళ్తే పెట్రోలు మిగులుతుందా? నువ్వు పెద్ద చదువులు చదివావు. ఇది చిన్నపిల్లకి కూడా తెలిసే మాట.”

కొలతలమ్మకి జవాబు తెలుసు. తెలిసిన జవాబు నోటితో చెబితే ఆయన వినరని కూడా తెలుసు. అందుకే ఆమె కుర్చీ పక్కకి లాగేసి, “నాన్నా, ఇలా వచ్చి నిలబడు. కాస్త మోకాళ్లు వంచు,” అంది.

“ఏంటిది?”

“కుర్చీలో కూర్చోబోతూ మధ్యలో ఆగిపోయినట్టు. అంతే. ఒక్క నిమిషం.”

అరవై రెండేళ్ల మనిషి, ఇంకొకరి ముందైతే ఛీ పొమ్మనేవారు. శిష్యురాలు చూస్తోంది, వెనక్కి తగ్గితే పరువు పోతుంది. వంగారు. పది సెకన్లు బాగానే ఉన్నారు. ఇరవైకి పళ్లు బిగించారు. ముప్పై ఐదుకి తొడలు వణకడం ప్యాంటు మీదనుంచి కూడా కనిపించింది. టపాకాయ చూడలేక కిటికీ వైపు తిరిగింది.

“ఇప్పుడు నిటారుగా నిలబడు.”

ఆయన నిలబడి గట్టిగా ఊపిరి వదిలారు.

“ఇలా నిలబడితే ఎముకలు మోస్తాయి. అలా వంగితే తొడ కండ మోస్తుంది. చప్పుడు కాకుండా దిగాలంటే ప్రతి అడుగుకీ మోకాలు ఎక్కువ వంగాలి నాన్నా. నేల తగిలేముందే ఒంటిని ఆపి, మెల్లగా దించి, మళ్లీ పైకి లేపాలి. ఆ పనంతా కండే చెయ్యాలి. అదే కాలు కాస్త బిగువుగా దిగిందనుకో, మడమ వెనక నరం రబ్బరులా సాగి, సాగినంత వేగంగా వెనక్కి తంతుంది. ఆ తన్ను ఊరికే వస్తుంది. దాన్ని మనం రేకు కోసం పారేస్తున్నాం.”

“అంటే అక్కా,” టపాకాయ మెల్లగా అంది, “ఇన్నాళ్లూ నేను పదివేల మీటర్లూ గుంజీలు తీస్తూ వెళ్తున్నానా?”

“సగం గుంజీలు.”

“అవి చాలవూ!” అంది టపాకాయ. మళ్లీ మాస్టారి మొహం చూసి నాలుక కరుచుకుంది.

మాస్టారు కాగితం మడిచారు. మడిచింది మళ్లీ విప్పారు. చాలాసేపటికి, ఎవరితోనూ కానట్టు, “నాకు అనుమానముంది,” అన్నారు.

కొలతలమ్మ అర్థం కానట్టు చూసింది.

“ఎన్నేళ్లుగానో ఉంది. నా పిల్లలందరూ చివరి రౌండ్లలోనే పడిపోతారు. మిగతావాళ్ల పిల్లలు అలా పడిపోరు. కళ్లున్నాయి కదా, కనిపించదా? ఖర్చు ఎక్కువే అయ్యుంటుందనుకున్నా. అయితే అయిందిలే, ఎముక విరగదు కదా అనుకున్నా.” గదిలోకి వచ్చాక మొదటిసారి అప్పుడాయన కూతురి కాలి వైపు చూశారు. ఆ చూపు ఆమెకి కొత్త కాదు, పద్నాలుగేళ్లుగా ఆ కాలికి అలవాటే. “నీ కాలు ఆ ఏడాదంతా పలికింది అమ్మడూ. నాకు వినపడుతూనే ఉంది. గెలుస్తున్నావు కదా అని ఊరుకున్నా. ఇరవయ్యో రౌండ్‌లో అది విరిగిన చప్పుడు కూడా విన్నా. అంతమంది అరుస్తున్నారు, ఎవరికీ వినపడలేదు, నాకు వినపడింది. మర్నాడే వెళ్లి ఆ రేకు తెచ్చి పరిచాను. ఇంకో పిల్ల కాలు నా చెవుల ముందు విరగకూడదు. అంతే. ఓడిపోతే ఓడిపోనీ.”

టపాకాయకి ఆ సంగతి తెలియదు. కొలతలమ్మ ఒకప్పుడు పరిగెత్తేదని తెలుసు, కాలు విరిగి మానేసిందనీ తెలుసు. రేకు పుట్టింది ఆ కాల్లోంచేనని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

కొలతలమ్మకి మాత్రం తెలుసు. ఆసుపత్రినుంచి ఇంటికొచ్చిన రోజే తెలుసు. ప్రతి పొద్దునా ఇంట్లో కూర్చుని దూరంగా ఆ రేకు పలకడం వినేది, ఏళ్లు గడిచేకొద్దీ అది పలకడం తగ్గడం కూడా వినేది. ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. వచ్చిన ప్రతిసారీ, ఇప్పుడు చెప్పి ఏం లాభం, ఆయన కుమిలిపోతారు తప్ప అనుకుని మింగేసింది. మింగేసి మింగేసి అది ఎంత మామూలైపోయిందంటే, ఈ కొలతల పని ఎందుకు ఎంచుకున్నానో కూడా మరచిపోయినట్టు నటించడం నేర్చుకుంది. ఇవాళ ఎదురుగా ఇంకో పిల్ల నిలబడి ఉంది. పది రోజులు. నలభై సెకన్లు.

“నాన్నా, అది చప్పుడు వల్ల విరగలేదు.”

“డాక్టరు చెప్పాడు కదా, కొట్టుకుని కొట్టుకుని—”

“డాక్టరు చెప్పింది ముందే పగులుందని. పాత పగులు. ఎన్నాళ్ల పాతదని నువ్వు అడగలేదు. నేను అడగనివ్వలేదు.” ఆమె ఆపలేదు, ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనని తెలుసు. “నాకు నొప్పి తెలుసు నాన్నా. పరుగుకి చాలా ముందునుంచే ఉంది. చీలమండకి నాలుగు వేళ్ల పైన, వేలు పెడితే ప్రాణం పోయేది. బిళ్లలు వేసుకుని పరిగెత్తాను. బిళ్లలు మేజోడులో దాచేదాన్ని. అమ్మక్కూడా తెలియదు.”

మాస్టారు ఆమె మేజోడు వైపు చూశారు.

“నువ్వు అడిగేవాడివి. రోజూ పొద్దున్నే షూ లేసులు కట్టుకుంటుంటే అడిగేవాడివి, ఎక్కడైనా నొప్పుందా అని.”

“లేదన్నావు.”

“లేదన్నాను.”

“ఎన్ని రోజులు?”

“ఇరవై ఆరు.”

“ఇరవై ఆరుసార్లు అడిగానన్నమాట,” అన్నారు మాస్టారు.

ఆయన ట్రెడ్‌మిల్ అంచున కూర్చున్నారు. కూర్చోవడం కూడా చప్పుడు కాకుండా కూర్చున్నారు, అలవాటు. కొలతలమ్మ ఆయన తిడతారని ఎదురుచూసింది. కొట్టినా బాగుండుననిపించింది. ఆయన మాత్రం వేళ్లు మడిచి లెక్కపెడుతున్నారు.

“ఆ పొడుగుపిల్ల ఉండేది. చివరి మూడు రౌండ్లూ ఏడుస్తూ పరిగెత్తేది. గుండె చాలదని ఇంటికి పంపేశాను. తర్వాత ఆ కవలలు. ఇద్దరూ ఒకేచోట పడిపోయేవాళ్లు, ఒకళ్లని చూసి ఒకళ్లు నటిస్తున్నారనుకున్నా. వాళ్ల నాన్నని పిలిచి మరీ చెప్పాను, ఈ పిల్లలకి పట్టుదల లేదయ్యా అని.” నాలుగో వేలు మడవబోయి ఆగిపోయారు. “పద్నాలుగేళ్లు అమ్మడూ! ఒక్కసారి చెప్పుంటే అయిపోయేది కదే.”

“భయమేసింది నాన్నా.”

“నేనంటేనా?”

“నువ్వంటే కాదు. చెబితే పరిగెత్తనివ్వవని.”

ఆ మాట మీద ఆయన తలెత్తారు. కోపం ఉంటుందనుకుంది, లేదు. ముసలితనం ఉంది. ఇందాక తలుపు తోసుకుని వచ్చిన మనిషిలో లేనిది.

“నిజమే,” అన్నారు. “పరిగెత్తనిచ్చేవాణ్ని కాదు.”

కొలతలమ్మకి ఒకటి చెప్పాలనిపించింది, తీసుకున్న కొలతకి న్యాయం చెయ్యాలి కదా. “చప్పుడుకీ ఎముకకీ అసలు సంబంధమే లేదని నేననను నాన్నా. గట్టిగా దిగితే ఎముకకి దెబ్బే. కాకపోతే బాగున్న ఎముక ఓర్చుకుంటుంది, రాత్రికి సర్దుకుంటుంది. పగిలినదాన్ని మాత్రం పిల్లిలా నడిపించినా కాపాడలేం. మనం ఆపాల్సింది నొప్పి దగ్గర. నువ్వు చప్పుడు దగ్గర ఆపావు.”

“నాకు చప్పుడే వినపడింది మరి,” అన్నారాయన.

టపాకాయ ఇంతసేపూ గోడకి అతుక్కుపోయి ఉంది. పెద్దవాళ్ల మధ్య ఇరుక్కున్నప్పుడు బయటికి పోవాలో ఉండాలో తెలియక నిలబడతామే, అలా. మాస్టారు ఆమెని చెయ్యూపి దగ్గరికి పిలిచారు.

“ఏమే టపాకాయ్, నీకు గుండె చాలదని ఎన్నిసార్లన్నాను?”

“లెక్కపెట్టలేదు సార్.”

“అబద్ధం. లెక్కపెట్టుంటావు. నీకు గుండె ఉంది. సగం గుంజీలు తీస్తూ పద్దెనిమిది రౌండ్లు వెళ్లినదానికి గుండె లేకపోవడమేంటి? నేనైతే ఇందాక అర నిమిషానికే...” ఆయన తొడ మీద చెయ్యి వేసుకుని, మాట పూర్తిచెయ్యకుండా ఆగి, మళ్లీ అందుకున్నారు. “రేపట్నుంచి నీ పరుగు నువ్వు పరిగెత్తు. ఎలా వస్తే అలా. పావురాలు లేస్తే లేవనీ.”

“నిజంగానా సార్?” ఆమె మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది. వెంటనే ఆ వెలుగుని దాచుకోవడానికి తల దించేసింది, ఆయన ముందు సంతోషపడటం తప్పేమోనన్నట్టు. “అక్కా, పదహారు మిల్లీలీటర్లంటే ఎన్ని సెకన్లు? నలభై వస్తాయా?”

“మిగిలినదంతా సెకన్లుగా మారదు. పైగా ఇది నెమ్మది వేగంలో తీసిన కొలత. కానీ నలభైకి...” కొలతలమ్మ ఆగింది. చెప్పకూడదనుకుంది, చెప్పేసింది. “నలభైకి సరిపోతుంది.”

టపాకాయ అరచేతులతో మొహం కప్పుకుంది. వేళ్ల సందుల్లోంచి నవ్వో ఏడుపో తెలియని చప్పుడొచ్చింది. మాస్టారు లేచి, కాగితం జాగ్రత్తగా చొక్కా జేబులో పెట్టుకున్నారు. ఎంపిక పరుగుకి ఆయన సంతకం చెయ్యాల్సిన ఫారం ఇంకా పంపలేదు. సాయంత్రంలోగా పంపాలి. కలం కోసం టేబుల్ మీద వెతుకుతున్నారు.

కొలతలమ్మ కలం తీసి అందించబోయి, చెయ్యి సగంలో ఆపేసింది.

రేపట్నుంచి ఈ పిల్ల గట్టిగా దిగుతుంది. రోజుకి కొన్ని వేల అడుగులు. బాగున్న ఎముక ఓర్చుకుంటుందని ఇప్పుడే తన నోటితో చెప్పింది. బాగున్న ఎముక.

“ఒక్క మాట,” అంది. “నీకు ఎక్కడైనా నొప్—”

“లేదక్కా.”

మాస్టారికి ఆ జవాబు మామూలుగానే వినపడింది. తల కూడా ఎత్తలేదు. కొలతలమ్మ మాత్రం టపాకాయ మొహాన్నే చూస్తోంది. ప్రశ్న పూర్తికాకముందే వచ్చిన జవాబు. నవ్వుతూ, కళ్లలోకి చూస్తూ, ఎక్కడా తడుముకోకుండా. అలాంటి 'లేదు' ఎలా ఉంటుందో ఈ లోకంలో ఆమెకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

ఆమె కలం టేబుల్ మీద పెట్టేసి, టపాకాయ ముందు నేలమీద మోకాళ్ల మీద కూర్చుంది.

“మేజోడు కిందికి లాగు.”

“ఎందుకక్కా? ఏం లేదంటున్నా కదా.” నవ్వుతూనే, మాట అనడం ఆలస్యం అన్నట్టు, కుడికాలు ముందుకి చాపి మేజోడు చరచరా కిందికి లాగేసింది. “చూడు, కావాలంటే నొక్కి చూడు.”

కొలతలమ్మ ఆ కాలుని ముట్టుకోలేదు.

“ఇది కాదు,” అంది. “రెండోది.”

టపాకాయ నవ్వు మొహం మీదే ఉండిపోయింది. ఎడమకాలు మాత్రం ముందుకి రాలేదు.